గన్నవరపు సీతమ్మగారు

చరిత్ర యనగానే మనకు రాజులును, యుద్ధములును, శాసనములును జ్ఞాపకమునకు వచ్చును. దండయాత్ర చేసినవాని పేరు ఱాతిపై నిలిచినది. ఆ దండునకు వండి పెట్టినవారి పేరు ఎచ్చటను కానరాదు. ఇంటిలోని స్త్రీ జీవితము చరిత్ర కెక్కుట మఱింత యరుదు. ఆమె పగలంతయు చేసిన పనికి మఱునాటి యుదయమునకు గుర్తు మిగులదు. వండిన యన్నము తినబడును. తోమిన పాత్ర మరల మాయును. అలికిన యిల్లు మరల దుమ్ము పట్టును. అట్టి పనినే జీవితమంతయు చేసి, గ్రంథము వ్రాయక, సభ కెక్కక, ఊరు విడువక, చరిత్రలో నిలిచిన గృహిణి యొకరు మన కోనసీమలో నుండిరి. ఆమెయే లంకల గన్నవరపు డొక్కా సీతమ్మగారు.

పతిభక్తి గల యిల్లాలనియు, వచ్చినవారి కందఱకు తల్లి యనియు ఆమెను గూర్చి చెప్పుకొనుట మన కలవాటు. ఆ మాటలు నిజమే. కాని మంచి యిల్లాలు, మంచి తల్లి యను మాటలను మనము మిక్కిలి తేలికగా వాడుచున్నాము. అవి పలికిన పిమ్మట ఇక ఆమెను గూర్చి తెలిసికొనవలసినది లేనట్లు ఊరకుందుము. సీతమ్మగారి జీవితమును కొంచెము నిదానించి చూచినచో ఆ మాటల వెనుక ఎంత శ్రమయు, ఎంత పట్టుదలయు, ఎంత స్వతంత్రబుద్ధియు నున్నవో తెలియగలదు. ఆ సంగతి పాఠకులకు విన్నవించుటయే యీ వ్యాసమున నా యుద్దేశము.

ఆమె యింటిని తెలిసికొనవలెనన్న ముందుగా ఆమె సీమను తెలిసికొనవలెను. కోనసీమకు తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, దక్షిణమున సముద్రము. గన్నవరము సమీపమున వసిష్ఠనుండి చీలిన వైనతేయ అమలాపురపు భూములను రాజోలు భూములను వేఱుపఱచి, ఓడలరేవు కడ సముద్రమున కలియుచున్నది. నేడు వంతెనలమీదుగా కొలది నిమిషములలో దాటిపోవు ఏరులను ఆ కాలమున పడవమీదనో బల్లకట్టుమీదనో దాటవలసి యుండెను. పడవ యావలి యొడ్డున నున్నచో ఎండలో వేచియుండవలెను. ఏరు పొంగినచో దినముల తరబడి రేవులోనే నిలిచిపోవలెను. మాఘమాసమున అంతర్వేది తీర్థమునకు పోవువారు, పల్లకులతోను మేళతాళములతోను తరలు పెండ్లివారు, కచ్చేరి పనులమీద తిరుగు రైతులు, సంభావనలకై పోవు పండితులు, కూలికై లంకలకు పోవువారు, ఏ దిక్కును లేక తిరుగు బీదలు - అందఱును ఈ రేవులను దాటవలసినవారే. నేడువలె త్రోవపొడుగున హోటళ్లు లేవు. పూటకూళ్ల యిండ్లు పట్టణములలోనే కాని పల్లెలలో కానరావు. చేతిలో కాసున్నవానికి సైతము అన్నము దొరకుట కష్టముగా నుండినపుడు లేనివాని సంగతి చెప్పనేల?

సీతమ్మగారు 1841వ సంవత్సరమున మండపేటలో జన్మించిరి. అది గోదావరి మండలమునకు మిక్కిలి చెడ్డకాలము. 1833 ప్రాంతమున వచ్చిన కఱవును, 1839లో కోరంగిని ముంచిన తుఫానును జనులు ఇంకను మఱచియుండలేదు. 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా నుండిన ఆ మండలపు జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు తగ్గిపోయెను. ఇరువది యేండ్లలో నలుగురిలో నొకడు లేకుండ పోయెను. ఏటేట గోదావరి పొంగి సముద్రములో కలియుచుండగా దాని యొడ్డుననే మనుష్యులు తిండిలేక చచ్చిరి. ఇది చూచియే ఆర్థరు కాటను దొరగారు ధవళేశ్వరము వద్ద ఆనకట్ట కట్టవలెనని పట్టుపట్టిరి. 1847లో ఆరంభమైన యా పని 1852 నాటికి పూర్తి యయ్యెను. ఆ వెంటనే గన్నవరము వద్ద వైనతేయకు అడ్డముగా 49 కమానులతో అక్విడక్టు నొకదానిని నిర్మించి, కాలువనీటిని ఏటిమీదుగా రాజోలువైపు భూములకు పారించిరి. ఈ పనులు జరుగునప్పటికి సీతమ్మగారు పది పండ్రెండేండ్ల బాలిక. ఆమె కాపురము చేసిన సీమ ఆ కాలువల నీటితో పచ్చబడెను. గాదెలు నిండెను. అయినను గాదెలో వడ్లున్నంతమాత్రమున ఆకలిగొన్నవాని విస్తరిలో అన్నముండదు. ఆ రెంటికి నడుమ ఒక మనస్సును, పెక్కు చేతుల పనియు కావలెను.

ఆ మనస్సు ఆమెకు పుట్టింటనే యబ్బినది. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. వచ్చినవారికి లేదనక అన్నము పెట్టుటచే ఆ తండ్రిని జనులు బువ్వన్న యని పిలిచెడివారు. తల్లి చిన్ననాటనే గతించుటచే ఇంటిపనియు, అతిథులకు వడ్డించు పనియు బాలికమీద పడినవని చెప్పుదురు. లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్న పంతులుగారు వేదము చదివినవారు, భూవసతి గల రైతు. ఆయన యొక పండితసభకు పోయి వచ్చుచు మధ్యాహ్నవేళ మండపేటలో భవానీశంకరముగారి యింట భోజనము చేసిరనియు, ఆ పిల్ల వినయముగా ఆదరించిన తీరు చూచి ఆమెనే పెండ్లాడ నిశ్చయించిరనియు ఆ ప్రాంతపువారు చెప్పుకొందురు. ఆనాటి యాచారముచొప్పున అది బాల్యవివాహమే. పిల్ల యిష్టమును అడుగు వాడుక లేదు. బాలికకు చదువు చెప్పించు తలంపును లేదు. ధవళేశ్వరమున వీరేశలింగముపంతులుగారు బాలికా పాఠశాల స్థాపించిన 1874 నాటికే సీతమ్మగారికి ముప్పది మూడేండ్లు. ఆమెకు దొరకిన పాఠశాల తండ్రి పంక్తియే. అదృష్టవశమున ఆమెకు మంచి యిల్లు దొరకెను. కాని అది అదృష్టమే యని మనము మఱువరాదు. అట్లే అప్పగింపబడి యే మంచియు నెఱుగక పోయిన బాలికలు ఎందఱో కలరు.

ఇక గన్నవరపు టింటిని చూతము. అన్నదానమనగా మనకు పంక్తిలో విస్తళ్లును, నేతిగిన్నెయు కన్నులకు కట్టును. దాని వెనుకటి పని కనబడదు. ఆ కాలమున బియ్యపు మరలు లేవు. వడ్లు ఎండబెట్టి, రోట పోసి, రోకళ్లతో దంచి, చేటలతో చెఱగి, నూకలు వేఱుచేసి, ఱాళ్లేఱవలెను. పప్పు తిరగట విసరవలెను. మజ్జిగకు పాడియావులుండవలెను, వాని గడ్డి, కుడితి చూడవలెను. నీరు నూతినుండియో కాలువనుండియో బిందెలతో మోయవలెను. వానకాలమున పుల్లలు తడిసినచో పొయ్యి రాజదు. ఊది యూది కన్నులు మండును. వచ్చువారెందఱో ముందుగా తెలియదు. పదిమందికి వండిన వెనుక ముప్పదిమంది పెండ్లివారు దిగవచ్చును. అందఱును తిని లేచిన పిమ్మట అర్ధరాత్రి యొకడు వచ్చి తలుపు తట్టవచ్చును. బాలెంత వచ్చినచో ఆమెకు పథ్యము వేఱుగా కావలెను. రోగి వచ్చినచో జావ కావలెను. పసిపిల్లకు పాలు కావలెను. సీతమ్మగారి యింట ఏ వేళ వచ్చినను లేదను మాట వినబడలేదని గదా వారి కీర్తి! ఆ లేదను మాట వినబడకుండుటకై ఎన్ని చేతులు నిద్ర లేకుండ పనిచేసెనో లెక్కింపుడు. ఇది ఒకనాటి వ్రతము కాదు, ఒక యేటి యుత్సవము కాదు. నలువది యేబది యేండ్లు ప్రతిదినము జరిగిన పని. ఇంత పనిని నడిపించుటకు దయ యొక్కటియే చాలదు. ధాన్యము ఎంత యున్నదో, ఎన్నాళ్లు వచ్చునో, ఏ కాలమున ఏ కాయ దొరకునో, ఎవరికి ఏ పని యప్పగింపవలెనో ఎఱిగిన బుద్ధి కావలెను. ఒక సంస్థను నడిపించు కార్యదర్శికి ఎంత నేర్పు కావలెనో ఆమె కంత నేర్పు నుండెను. మనము దానిని నేర్పనక మంచితనమని మాత్రమే చెప్పుచున్నాము.

మఱియొక సంగతి కూడ గమనింపదగినది. ఆ పొలము ఎవరిది? ఆ గాదె ఎవరిది? ఆ కాలపు ధర్మశాస్త్రముచొప్పున స్త్రీకి స్త్రీధనము తప్ప స్వంతమనునది లేదు. భర్త యాస్తిలో వితంతువునకు హక్కిచ్చిన చట్టము 1937లో వచ్చినది. హిందూ వారసత్వపు చట్టము 1956లో. కుమార్తెను కుమారునితో సమానముగా ఉమ్మడి యాస్తికి భాగస్వామినిగా చేసిన ఆంధ్రప్రదేశపు సవరణ 1985లో వచ్చినది. సీతమ్మగారి కాలమున పిడికెడు బియ్యము ఎవరికైన పోయవలె నన్నను అది భర్త సొత్తే. కాబట్టి ఆమె దానమంతయు జోగన్నగారి సమ్మతిపై నిలిచి యుండెను. ఆయన ఒక్కనాడు చాలునని తలుపు వేసియుండినచో నేడు మనము ఆమె పేరు వినియుండము. ఆయన తలుపు వేయలేదు. పెట్టి పెట్టి ఆస్తి తఱిగినపుడును ఆమె చేతికి అడ్డము రాలేదని చెప్పుదురు. ఈ కీర్తిలో ఆయనకు భాగము కలదు.

కాని సమ్మతి యూరకే పుట్టదు; దానిని సంపాదించుకొనవలెను. ఆ సీమలో నొక కథ వాడుకలో నున్నది. ఒక రాత్రి గోదావరి వరదలో నుండగా ఏటి యావలినుండి ఆకలి, ఆకలి యను కేక వినవచ్చెనట. సీతమ్మగారు లేచి పొయ్యి రాజవేసి వండి, ఆ యన్నము నిచ్చి భర్తను పంపగా, ఆయన ఆ వరదలో పడవమీద పోయి ఆకలిగొన్నవానికి పెట్టి వచ్చెనట. ఈ కథను పతిభక్తికి దృష్టాంతముగా చెప్పువారు నాకు వింతగా తోతురు. ఇందులో ఎవరు ఎవరి మాట వినిరి? మన పెద్దలు పతిభక్తి యనగా భర్త చెప్పినది చేయుట యని నేర్పిరి. ఈ దంపతులలో భార్య యొక ధర్మమును నిశ్చయింపగా భర్త దానికి పడవ నడపెను. ఆమె భర్తను గౌరవించెను. ఆయన ఆమె సంకల్పమును గౌరవించెను. భక్తి యను మాట రెండువైపుల నున్నప్పుడే దాంపత్యమునకు శోభ. ఒకవైపుననే యున్నచో దానికి దాస్యమని పేరు.

అంతర్వేది కథ మఱింత ప్రసిద్ధము. నిత్యము వంటయింటనే యుండు సీతమ్మగారికి ఒకప్పుడు నరసింహస్వామిని దర్శింపవలెనని కోరిక పుట్టి పల్లకిలో బయలుదేఱిరట. త్రోవలో బోయీలు పల్లకి దింపి అలసట తీర్చుకొనుచుండగా ప్రక్కనే ఆగిన బాటసారుల మాటలు ఆమె చెవిని బడెను. పిల్లలు ఆకలియని యేడ్చుచుండగా, ఇంకెంత దూరము, గన్నవరము చేరితిమా సీతమ్మగారి యింట కడుపునిండ తినవచ్చునని తల్లి వారిని ఊరడించుచుండెనట. అంతట ఆమె పల్లకి వెనుకకు త్రిప్పించి, వారికంటె ముందుగా ఇల్లు చేరి, వారు వచ్చునప్పటికి వంట సిద్ధము చేసిరట. దేవుని దర్శనమునకంటె అన్నదానము గొప్పదని ఈ కథకు తాత్పర్యము చెప్పుదురు. నేనును కాదనను. కాని ఆ కథ వినునపు డెల్ల నాకు వేఱొక తలంపు కలుగుచుండును. ఒక్క యాత్రకైనను ఆమెకు తీఱిక చిక్కలేదు. ఆమె లేనినాడు ఆ పొయ్యిని చూచుకొను బాధ్యత వేఱొకరు వహించియుండినచో ఆమె స్వామిని చూచి వచ్చెడివారు గదా! ఆమె త్యాగము ఆమెకు కీర్తి. ఒక స్త్రీ తప్ప మఱియెవ్వరును మోయని భారముగా దానిని విడిచిపెట్టుట లోకమునకు కీర్తి కాదు.

ఆమె పంక్తిని గూర్చి కూడ రెండు మాటలు చెప్పవలెను. ఆ కాలపు బ్రాహ్మణగృహములలో మడియు, పంక్తిభేదమును ఎంత కఠినముగా నుండినవో పెద్దలెఱుగుదురు. సీతమ్మగారు సంస్కర్త కారు. సభలో నిలిచి కులమును ఖండించినవారు కారు. తాను పుట్టి పెరిగిన యాచారములలోనే జీవించిరి. అయినను అన్నమడిగినవానిని నీ వెవరవని ముందుగా అడుగకుండుట ఆమె నియమమని ఆ సీమయంతయు చెప్పుచున్నది. ఆకలి యొక్కటియే అర్హత. ఈ మాట చిన్నదిగా తోచవచ్చును. కాని గుడిలోనికి, నూతికడకు, బడిలోనికి పోవుటకు కులము అడుగబడిన దినములలో ఒక యింటి వాకిట మాత్రము అది మొదటి ప్రశ్న కాకుండుట సామాన్యము కాదు.

ఆ కాలముననే, ఆ గోదావరి మండలముననే, రాజమహేంద్రవరమున మఱియొక యిల్లాలు ఇట్లే పొయ్యి ముందు నిలిచియుండెను. ఆమె వీరేశలింగముపంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు. 1881 డిసెంబరు 11వ తేదిని పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపింపగా ఊరు వెలివేసెను. వంటవారు మానిరి, నీళ్లు తెచ్చువారు మానిరి. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి తెచ్చి, వంట చేసి, వచ్చినవారికి పెట్టిరి. ఉపన్యాసములును గ్రంథములును పంతులుగారివి. ఆ యుద్యమమునకు కడుపు నింపిన చేతులు ఆమెవి. సంతానములేని ఆమె వితంతు బాలికల కెందఱకో తల్లి యయ్యెను. సీతమ్మగారు 1909లోను, రాజ్యలక్ష్మమ్మగారు 1910లోను గతించిరి. ఒకరు పూర్వాచారమున నిలిచినవారు, ఒకరు నూతనమార్గమున నడచినవారు. అయినను ఇరువురి తల్లితనమును కడుపున పుట్టినవారితో ముగియలేదు. ఇరువురును తమకు లోకము విడిచిపెట్టిన యొకేయొక చోటును, అనగా వంటయింటిని, లోకమునకు ఉపయోగపడు స్థానముగా చేసిరి. సంస్కరణ చరిత్ర వ్రాయువారు అచ్చుయంత్రమును, సభామందిరమును లెక్కించుచు పొయ్యిని లెక్కింపకుండుట న్యాయము కాదు.

సీతమ్మగారి కీర్తి క్రమముగా మండలము దాటెను. 1903 జనవరి 1వ తేదిని ఢిల్లీలో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక దర్బారు జరిగెను. దానికి ఆమెను ఆహ్వానించిరనియు, ఆమె పోలేదనియు, రాలేనిచో ఛాయాపటమునైన పంపవలసినదని అధికారులు వచ్చి యడిగిరనియు చెప్పుదురు. నే నిది పేరుకొఱకు చేయుట లేదని ఆమె పటమునకును ఒప్పుకొనలేదట. పటము తీసికొని పోకున్న నా యుద్యోగమునకు ముప్పు వచ్చునని ఆ యధికారి మొఱపెట్టుకొనగా అప్పుడు జాలిపడి సమ్మతించిరట. ఆ పటమును దర్బారులో ఒక యాసనముమీద నుంచి గౌరవించిరని ఆ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. చక్రవర్తి ఆహ్వానము ఆమెను కదలింపలేదు. చిన్న యుద్యోగి భయము కదలించినది. ఆకలియని వచ్చినవానికి అన్నము పెట్టినట్లే, భయమని వచ్చినవానికి తన రూపమును ఇచ్చి పంపిరి. నేడు మనము చూచుచున్న ఆమె ముఖము ఆ దానమువలననే మనకు దక్కినది.

ఆమె గతించి నూఱేండ్లు దాటినది. గన్నవరమున పాత అక్విడక్టు శిథిలము కాగా నూతనముగా కట్టిన దానికి 2000వ సంవత్సరమున డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. వంతెనలకును కాలువలకును రాజుల పేర్లు, మంత్రుల పేర్లు పెట్టు దేశమున ఒక గృహిణి పేరు నిలుచుట సంతోషకరము. పేరు కూడ చక్కగా కుదిరినది. నీరున్నచోటినుండి నీరులేనిచోటికి ఏటిమీదుగా దాటించుట అక్విడక్టు పని. ఉన్నచోటినుండి లేనిచోటికి అన్నమును దాటించుట ఆమె పని. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకు ఆమె పేరు పెట్టిరి. ఆమె కిది తగిన స్మారకమే. శిలావిగ్రహము ఎవరికిని అన్నము పెట్టదు. ఈ పథకము పెట్టును.

అయినను ఆ పేరు పలుకునపుడు మఱువరాని దొకటి కలదు. ఆ బడులలో నేడును పొగలోను సెగలోను నిలిచి వండువారు చాలవఱకు స్త్రీలే, చాలవఱకు బీదలే. వారికి తగిన వేతనము సకాలమున అందుచున్నదా? వారి పొయ్యికి గాలివెలుతురు గల గది యున్నదా? సీతమ్మగారి పేరు ఆ పథకమునకు నిజముగా తగియుండవలెనన్న, తినువారి కడుపుతోపాటు వండువారి బ్రతుకును చూడవలెను.

పాఠకులారా, ఆమెను మనము అన్నపూర్ణ యని పూజించుచున్నాము. దేవత యన్నచో మనకొక సౌకర్యము కలదు. దేవతకు నడుము నొవ్వదు, కన్నులు మండవు, నిద్ర రాదు, ఆకలి వేయదు. మనిషి యన్నచో ఆ ప్రశ్నలన్నియు అడుగవలసి వచ్చును. సీతమ్మగారు మనిషి. మండపేటలో పుట్టి, గన్నవరమున కాపురము చేసి, చేతులు కాల్చుకొని, లెక్కలు చూచుకొని, భర్తను తన ధర్మములో భాగస్వామిని చేసికొని, వేలకొలది ఆకలులను తీర్చిన మనిషి. మన యిండ్లలో నేటికిని ఒక యాచారమున్నది: మగవారు తిని, పిల్లలు తిని, అతిథులు తిని, పనివారు తిని, కడపట మిగిలినదానితో ఇల్లాలు కూర్చుండును. ఒక్కొక్కనాడు ఏమియు మిగులదు. ఆ సంగతి అడుగువారు లేరు. సీతమ్మగారు వచ్చిన ప్రతివానిని మొదట అడిగిన మాట, భోజనమైనదా యని. ఆమెను స్మరించుకొన్న యీ రోజున ఆ మాటనే మన యింటి వంటగదిలోనికి పోయి అడుగుదము.